నోరు తిరగనివాడి రోజువారీ నోట్సు

నాకు నత్తి. ఈ మాట ముందే చెప్పేస్తే ఆ తరవాత మాట్లాడటం తేలికవుతుందని ఎవరో అంటే కొన్నాళ్లు ప్రయత్నించాను. కానీ ‘నత్తి’ అనే మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఎదుటివాళ్లు నేను ‘నమస్కారం’ అనబోతున్నాననుకుని ముందే చేతులు జోడించేవాళ్లు.

చిన్నప్పుడు అమ్మ వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. చర్చిలో పాస్టరుగారి చేత తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించింది. రెండూ పనిచెయ్యకపోయేసరికి నా మాటల్ని తనే పూర్తి చెయ్యడం మొదలుపెట్టింది. నేను ‘అన్నం వద్దు’ అనబోయి ‘అ’ దగ్గర ఉండగానే కంచంలో అన్నం పడేది. నాన్నది గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పని. ఆ హోరుకి ఆయన చెవులు మందగించాయి. అందుకని మా ఇంట్లో నా నత్తితో ఏ ఇబ్బందీ లేని మనిషి ఆయనొక్కడే.

పాట పాడితే మాత్రం నాకు నత్తి ఉండదు. ఎందుకో తెలియదు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకుంటే ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. వాక్యం చదివే వంతు వచ్చినప్పుడు నన్ను దాటేసి పక్కవాడికి పుస్తకం ఇచ్చే పాస్టరుగారు, పాట దగ్గరికొచ్చేసరికి నా వైపే చూసేవారు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నాకు విజయనగరంలో ఉద్యోగం దొరికింది. ఒక మెడికల్ షాపు పైన మూడు గదుల ఆఫీసు. లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలకి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. ఏ లారీ ఎక్కడ లోడు ఎత్తింది, ఎక్కడ దించింది, ఎప్పుడు చేరింది, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించడం. మా ఖాతాదారుల్లో ఎక్కువమంది సాలూరు లారీల వాళ్లే.

యజమానిని సార్ అనేవాళ్లం. హైదరాబాదులో పెద్ద కంపెనీల్లో చేసి వచ్చిన మనిషి. బాగా నవ్వించేవాడు. కొత్తవాళ్లు ఆయన్ని చూసి ఇంత సరదా బాసు దొరకడం అదృష్టం అనుకునేవాళ్లు. ఎవరికైనా ఒక లోపం ఉంటే దాన్ని ఆయన మొదటి రోజే కనిపెట్టేవాడు. కనిపెట్టి దానికొక పేరు పెట్టేవాడు. ఆ తరవాత ఆ మనిషి ఆ పేరుతోనే బతకాలి.

రోజూ పొద్దున అందరూ నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం చెప్పాలి. మొదటి రోజు నా వంతు వచ్చింది. ‘నిన్న’ అనాలి. ‘ని’ రాలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు మూసుకుపోయాయి. సార్ కాసేపు చూసి, వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పాడు. అప్పట్లో ఫోన్లో వీడియో ఆగిపోయినప్పుడు తెర మధ్యలో చిన్న సున్నా తిరుగుతుండేది, అలాగ.

“బఫరింగ్,” అన్నాడు. “మనోడికి నెట్టు వీకు. ఆగండి, లోడ్ అవుతాడు.”

గది గదంతా నవ్వింది. అప్పటినుంచి నా పేరు బఫరింగ్. ఆఫీసు కింద టీ కొట్టు ఆయన కూడా “బఫరింగ్ బాబుకి ఒక టీ” అని అరిచేవాడు.

ఆఫీసులో ఒకామె నాకంటే సీనియరు. అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండేవాడు, ఇద్దరు పిల్లలు. ఇల్లు మొత్తం ఆమె జీతం మీదే నడిచేది. ఓ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ అంది.

“తమ్ముడూ, పొద్దున్నపూట నువ్వలగ పీక నొక్కీసినట్టు నిలబడతంటే నాకు ముద్ద దిగట్లేదురా. నోటితో సెప్పలేకపోతే రాసీ.”

“ఎ... ఎ... ఎక్కడ?”

“రిపోలోనే.”

ప్రోగ్రాములు రాసేవాళ్లు తాము రాసినదంతా ఒకచోట భద్రం చేస్తారు. దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు, మేం రిపో అనేవాళ్లం. ఎవరు, ఏ రోజు, ఏ పంక్తి మార్చారో అంతా అందులో నిలిచి ఉంటుంది. కొట్టేసి కొత్తది రాసినా పాతది అడుగున అలాగే ఉంటుంది. అలా భద్రం చెయ్యడాన్ని కమిట్ అంటారు. అక్క అందులో నాకోసం నోట్స్ అని ఒక ఫోల్డరు తెరిచింది. రోజుకొక ఫైలు, ఆ రోజు తేదీయే దాని పేరు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఆ రోజు ఏం చేశానో రాసి, ప్రోగ్రాముతో పాటే కమిట్ చెయ్యాలి. పొద్దున నా వంతు వచ్చినప్పుడు తెర మీద అది తెరిస్తే సరి. అందరూ చదువుకుంటారు.

సార్ ఒప్పుకున్నాడు. “మంచిదే. మీటింగు టైము సగానికి తగ్గుతాది,” అన్నాడు.

నా జీవితంలో మొదటిసారి నేను మాట్లాడింది ఆ ఫోల్డరులోనే. తెలుగులో టైపు చెయ్యడం నేర్చుకున్నాను. మొదట్లో రెండు మూడు పంక్తులు రాసేవాణ్ణి. తరవాత పేజీలు. ఏ తప్పు దిద్దానో, అది ఎందుకు వచ్చిందో, ఏ దారిలో వెళ్లి తిరిగొచ్చానో అంతా రాసేవాణ్ణి. బుకింగు గుమస్తాలు తిట్టిన తిట్లు కూడా రాసేవాణ్ణి, వాటిల్లోనే అసలు సమస్య దొరికేది గనక. ఆర్నెల్ల కిందట ఈ ముక్క ఎందుకిలా మార్చాం అని ఎవరికైనా సందేహం వస్తే నా నోట్సు చూసేవాళ్లు. మాట్లాడేటప్పుడు నన్ను చూసి నేలకేసి చూపు దించుకునే వాళ్లు నేను రాసింది మాత్రం చివరిదాకా చదివేవాళ్లు.

అలవాటు ముదిరి, పనికి సంబంధించనివి కూడా అందులో పడటం మొదలైంది. నోట్లో ఇరవయ్యేళ్లుగా ఇరుక్కున్న మాటలు ఒక చోట దారి దొరికితే, ఇది ఆఫీసు ఫోల్డరు అని ఆగుతాయా?

ఒకసారి సాలూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్లడం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో ఆ సాయంత్రం నోట్సులో ఉన్నదున్నట్టు రాశాను. బస్సు కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే నాకు ‘సాలూరు’ అనడం రాలేదు. వెనక సీటువాళ్లు విసుక్కుంటున్నారు. ‘ర’ నాకు కాస్త సులువు. అందుకని రామభద్రపురం టిక్కెట్టు అడిగి, అక్కడ దిగిపోయి, సాలూరు వెళ్లే ఆటోలో ఎక్కాను. ఆటోవాడు పోయే ఊరు పేరు తనే అరుస్తాడు గనక ఎక్కినవాళ్లు ఏమీ చెప్పనక్కర్లేదు. అలా రాసి, దాని కింద ఇంకో ముక్క కూడా రాశాను. పాటలో అయితే సాలూరు అనగలను, కానీ బస్సులో కండక్టరుకి టిక్కెట్టు పాడి అడగలేను కదా అని.

రాసేటప్పుడు నాకే నవ్వొచ్చింది. తేలిగ్గా అనిపించింది. కమిట్ చేసి రైలెక్కాను.

మర్నాడు పొద్దున అక్క ఆ ఫైలు తెరవగానే సార్ మౌసు తన చేతిలోకి తీసుకున్నాడు. మొత్తం చదివాడు, పైకి, నా గొంతుతో. ‘సా... సా... సా...’ అంటూ మెడ బిగించి, కళ్లు మూసి, కండక్టరులా ఇంకొకరి చేత అడిగించి, ఆ గదిలోనే బస్సు నడిపించాడు. నవ్వి నవ్వి ఒకతను కుర్చీలోంచి జారిపోయాడు.

“సార్, వదిలీండి పాపం,” అంది అక్క.

“నేనేం చేశానమ్మా? వాడు రాసుకున్నదే చదివాను,” అన్నాడు సార్. నా వైపు తిరిగి, “పాటలో రాదన్నమాట నత్తి. ఈ విషయం ఇన్నాళ్లూ దాచేవేం?” అన్నాడు.

ఆ శనివారం నుంచి కొత్త పద్ధతి పెట్టాడు. వారం నోట్సు మొత్తం నేనే నిలబడి పైకి చదవాలి. మాటల్లో ఆగిపోతే పాటలో చదవాలి. దీనికి ఆయన పెట్టిన పేరు ట్రైనింగ్. నాకు వచ్చిన పాటలు చర్చి కీర్తనలే. ఆ రాగాల్లో, ‘సర్వరు ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టాను, రశీదు రెండుసార్లు అచ్చయింది’ అని పాడాను. పాడకపోతే ఆయన కూర్చోనివ్వడు, ఇంటికి పంపడు. మిగతావాళ్లకి కూడా ఇంటికెళ్లే రైళ్లు, బస్సులు ఉంటాయి. “పాడీ బావా, తొందరగా పాడీ, ఎల్లిపోదుము,” అని వాళ్లే గదిమేవాళ్లు. నత్తి లేకుండా స్పష్టంగా, శ్రావ్యంగా పాడాను. చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకోబోయాను. మొదటి అక్షరం దగ్గర గొంతు పట్టేసింది. ముందు బెంచీలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, పక్కవాడికి సైగ చేశారు. ఆ తరవాత నేను క్వయర్‌లో నిలబడలేదు.

ఇంట్లో అమ్మకి విషయం చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఈసారి ఆమె నా మాటల్ని తొందరపడి పూర్తి చెయ్యలేదు, చివరిదాకా విన్నది.

“నవ్వితే నవ్వనీరా. నవ్వితే నీ ఒంటి మీద బొబ్బలెక్కుతాయేటి?” అంది. “మీ నాన్నకి రోజూ నిప్పులు మీద పడతన్నాయి. ఆయన ఏ రోజైనా మానెత్తానన్నాడా?”

నాన్న పక్కనే ఉన్నాడు. ఏమీ వినపడక, ఇద్దర్నీ చూసి నవ్వాడు.

నేను ఆఫీసుకి వెళ్లి, నోట్సులో నా గురించి ఉన్న పంక్తులన్నీ కొట్టేశాను. బస్సు సంగతి కొట్టేశాను, చర్చి సంగతి, అమ్మ సంగతి కొట్టేశాను. పని గురించిన ముక్కలు తప్ప ఏమీ మిగలకుండా చేసి కమిట్ చేశాను. ఆ శనివారం సార్ ఫైళ్లు తెరిచి చూశాడు. తరవాత అక్కని పిలిచాడు.

“ఇందులో కొట్టేసింది పోదు కదమ్మా?”

అక్క తెరకేసి చూసింది.

“నేను అడుగుతున్నాను. పోదు కదా?”

“పోదు సార్.”

“పైకి తియ్యి.”

ఆమె నా వైపు చూడలేదు. కీబోర్డు మీద రెండు ఆజ్ఞలు కొట్టింది. నేను కొట్టేసిన పంక్తులన్నీ ఒక్కొక్కటే ఎర్రని అక్షరాల్లో పైకొచ్చాయి. ఏ రోజు రాశానో, ఏ రోజు కొట్టేశానో పక్కనే ఉంది. సార్ మొదటి పంక్తి మీద వేలు పెట్టి, “ఇక్కణ్ణించి పాడు,” అన్నాడు.

సాయంత్రం మెట్ల దగ్గర అక్క నా కోసం ఆగింది. “నా మీద కోపం పెట్టుకోకు. నాను కాదంటే రేపు నన్ను మానిపింసీసి ఇంకొకల్ని తెత్తాడు. నా పిల్లలకి నాను ఏటి పెట్టాలి?” అంది. సమాధానం కోసం ఆగకుండా చెప్పులేసుకుని దిగిపోయింది.

సార్ తెలివైన వ్యాపారి. ఆ శనివారాలు చూసి ఆయన ఒక సంగతి గ్రహించాడు. కడుపుబ్బ నవ్విన మనిషి వెంటనే తిట్టలేడు. మా సాఫ్ట్‌వేర్ మీద ఫిర్యాదులు ఎక్కువవుతున్న రోజులవి. ఎక్కడ గొడవ వస్తే అక్కడికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. బొబ్బిలి వెళ్లాం, నరసన్నపేట వెళ్లాం. లారీల వాళ్లు మండిపడుతూ ఉండగా, “ఇదంతా రాసిన ఇంజినీరు వీడేనండి. వీడే చెప్తాడు,” అని నన్ను ముందుకి తోసేవాడు. నేను నోరు తెరిచి నిలబడేవాణ్ణి. వాళ్లు మొదట విసుక్కునేవాళ్లు, తరవాత మొహాలు చూసుకునేవాళ్లు, ఆ తరవాత నవ్వు. నవ్వాక టీ వచ్చేది. టీ తాగాక సార్, “వచ్చే నెలకల్లా బాగుచేసేస్తాం,” అనేవాడు. వాళ్లు సరేననేవాళ్లు. కారులో తిరిగొస్తూ నా భుజం తట్టి, “ఈ కంపెనీకి నువ్వే పెద్ద ఆస్తివిరా,” అనేవాడు.

ఆయన ఎగతాళిగా కాదు, నిజంగానే అనేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్లో నేను ఎప్పుడో పట్టుకున్న ఒక తప్పు ఉంది. గుమస్తాలు లారీ నంబరు పూర్తిగా కొట్టరు, చివరి నాలుగు అంకెలే కొడతారు. మన జిల్లా లారీకీ, ఒడిశా లారీకీ ఆ నాలుగు అంకెలు ఒకటే అయితే మా ప్రోగ్రాము మొదట కనబడిన లారీని తీసుకునేది. ఒకదాని ట్రిప్పు ఇంకోదాని కింద పడిపోయేది. జూలైలోనే పట్టుకుని సార్‌కి మెయిల్ చేశాను. పిలిచి, “వాళ్లకి తెలిసినప్పుడు చూద్దాం. ఇప్పుడు కదిపితే అన్నీ కదపాలి,” అన్నాడు. ఆ మాట కూడా ఆ రోజు నోట్సులో రాశాను. అందులో దాపరికం ఏమీ లేదు. ఆ వారం అందరి ముందూ కీర్తన రాగంలో పాడాను కూడా. సార్ తాళం వేశాడు.

దసరా దాటాక సాలూరు నుంచి కబురొచ్చింది. మా ఖాతాదారుల్లో పెద్దవాడు, లారీలు బాగా ఉన్న ఆసామి, సాఫ్ట్‌వేర్ తీసి పారేస్తానని కేకలేస్తున్నాడట. సార్ నన్నూ అక్కనీ తీసుకుని బయల్దేరాడు. సమస్య ముదిరితే అక్కడికక్కడే చూడటానికి అక్క.

ఆసామి ఆఫీసు లారీ షెడ్డు పక్కనే. లోపల ఆయన, గుమస్తా, మరో నలుగురైదుగురు లారీల వాళ్లు. గోడకి పెద్ద టీవీ, దానికే కంప్యూటరు కలిపారు. నేను లాప్‌టాప్ దానికి తగిలించాను. సార్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. “ఇదంతా రాసిన ఇంజినీరు వీడేనండి. వీడే చెప్తాడు.”

నేను నోరు తెరిచాను. ‘లా’ దగ్గర ఆగిపోయాను.

వెనకనుంచి ఒకాయన అన్నాడు, “మావా, సెల్ఫ్ పట్టట్లేదు. దిగి నెట్టండ్రా.”

ఇంకొకాయన లేచి వచ్చి నిజంగానే నా వీపు మీద రెండు చేతులూ వేసి నెట్టాడు. “ఇప్పుడు కొట్టు సెల్ఫు!” అన్నాడు. షెడ్డులో ఉన్న క్లీనర్లు కూడా గుమ్మంలోకి వచ్చి నవ్వారు. ఆసామి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. గుమస్తాని టీ తెమ్మన్నాడు. సార్ కుర్చీలో వెనక్కి వాలాడు, పని అయిపోయినట్టు.

టీ వచ్చేలోగా ఆసామి తన మనుషులతో చెప్పుకుంటున్నాడు. “మిసన్ని అనుకోడానికి నేదురా. మిసను వల్లే గదా ఆ డ్రైవరుగాడి దొంగతనం దొరికినాది. కోరాపుట్టు ఎల్లొచ్చేను అంటాడు, మిసన్లో ఆ ట్రిప్పే నేదు. బండిని ఎక్కడికో తోలీసి సొంత కిరాయి కొట్టీసేడు. ఈ షెడ్డులోనే అందరి ముందూ సెంపలు పగలగొట్టి గెంటీసేను. పదిహేనేళ్ల నుంచి ఉన్నాడు నా దగ్గర.”

“ఏ... ఏ... ఏ బండి?” అన్నాను.

“ఏటంతన్నాడు?”

గుమస్తా బండి నంబరు చెప్పాడు. చివరి నాలుగు అంకెలు నాకు తెలుసు. నోట్సులో ఉదాహరణగా నేను రాసుకున్న అంకెలే అవి.

నేను చెప్పడానికి ప్రయత్నించలేదు. జూలై ఫైలు తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, టీవీ మీద పెట్టి, పక్కకి తప్పుకున్నాను. ఆసామికి తెలుగు చదవడం వచ్చు. నవ్వు మొహంతోనే మొదలుపెట్టి పెదాలు కదుపుతూ చదివాడు. ఏ రెండు లారీలు కలిసిపోతున్నాయో అందులో ఉంది. సార్‌కి చెప్పానని ఉంది. సార్ అన్న మాట ఉంది.

“ఏయ్, ఏంట్రా అది? మూసెయ్,” అన్నాడు సార్.

ఆసామి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఉండు. ఇది ఈడు నిన్న కూకుని రాసుకోనేదని నమ్మకమేటి?” అన్నాడు. నన్ను కాదు, అక్కని చూసి. “అమ్మా, నువ్వు సెప్పు. నువ్వు పిల్లలున్నదానిలా ఉన్నావు. ఇది ఎప్పుడిది?”

అక్క లాప్‌టాప్ వైపు చూసింది. సార్ వైపు చూసింది. సార్ ఆమెకేసి చిరునవ్వు నవ్వాడు, ఆఫీసులో నవ్వే నవ్వే. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నా అంత సేపు.

“జూలైదేనండి,” అంది. “ఆ తేదీదే. మారలేదు. మారిస్తే మాకు తెలిసిపోద్ది.”

అంతే. ఎవరూ అరవలేదు. ఆసామి టీవీ కట్టేసి, సార్‌తో, “ఎల్లిపోండి. సాలూరులో మళ్లీ కనపడకండి,” అన్నాడు. కుర్చీలో కూలబడి తన కుడిచేతికేసి చూసుకున్నాడు. “ఆణ్ణి కొట్టీసేనురా,” అన్నాడు.

“కబురెట్టమంటారా?” అన్నాడు గుమస్తా.

ఆసామి తల అడ్డంగా ఊపాడు. “ఇప్పుడు పిలిస్తే ఆడి ముందు నాను తగ్గాలి. జనం ఏటనుకుంతారు? వదిలీ.”

ఆ డ్రైవరుని నేను ఎన్నడూ చూడలేదు. అతను దొంగ కాదని ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలిసింది. అతనికి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. తరవాత వాకబు చేస్తే ఊళ్లో ఎవరూ బండి ఇవ్వక, కుటుంబంతో ఒడిశా వైపు వెళ్లిపోయాడని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో సార్ మమ్మల్ని కారు ఎక్కించుకోలేదు. అక్కా నేనూ బస్సులో వచ్చాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది. గజపతినగరం దాటాక ఒక్క మాట అంది.

“నువ్వు నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నావు. సెప్పడం నా సేత సెప్పించేవు.”

సాలూరులో కబురు పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. లారీల వాళ్లు ఒకరి తరవాత ఒకరు మానేశారు. బొబ్బిలి వాళ్లు కూడా మానేశారు. సంక్రాంతి లోపలే ఆఫీసు మూతపడింది. చివరి రోజు సార్ అందరితో చేతులు కలిపి, నా దగ్గరికొచ్చి ఆగాడు. తిడతాడనుకున్నాను. వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా ఒకసారి తిప్పి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఈసారి నవ్వలేదు. అలాగని నాతో మాట్లాడనూ లేదు. మెడికల్ షాపు ముందు స్కూటర్లు తీసుకుంటూ, “పాటలు పాడినోడే మన పొట్ట కొట్టీసేడు,” అని ఒకతను అనడం వినపడింది.

సంతోషించానా అని నన్ను నేను అడిగాను. సంతోషించాను. సాలూరులో అక్క ‘జూలైదేనండి’ అనగానే సార్ మొహంలో ఆ చిరునవ్వు సగంలో ఆగిపోవడం నేను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. అమ్మతో చెబితే, “దేవుడు సూస్తన్నాడురా, అలగ సంబరపడకూడదు,” అంది. దేవుడు ఆ శనివారాలు కూడా చూసి ఉంటాడు కదా అన్నాను. ఎప్పుడూ లేనిది, ఆ వాక్యం ఆగకుండా వచ్చింది.

తరవాత విశాఖపట్నంలో ఒక కంపెనీలో చేరాను. అక్కడ పనంతా రాతలోనే. ఏడాది గడిచాక అక్క ఫోన్ చేసింది. ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో అరకొర జీతానికి చేస్తోందట. మీ దగ్గర ఏమైనా ఖాళీ ఉందా అని అడిగింది. గొంతులో ప్రేమ లేదు, కోపం లేదు, అవసరం మాత్రం ఉంది. మా మేనేజరుకి ఆమె గురించి రాశాను. పని బాగా తెలిసిన మనిషి, అబద్ధం చెప్పదు అని రాశాను. ఆమెను తీసుకున్నారు.

నా వెనక వరసలో సీటు ఇచ్చారు. పని గురించి అడిగితే జవాబిస్తుంది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడదు. తమ్ముడూ అనడం ఆ బస్సులోనే మానేసింది. క్యారేజీ తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్తుంది. ఆమె పిల్లలు పెద్దవాళ్లయ్యారని ఇంకొకళ్ల ద్వారా విన్నాను.

ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి, నేను అక్కడే ఉండగా, నన్ను చూపించి ఆమెని అడిగింది. మీరిద్దరూ పాత ఆఫీసులో కలిసి చేశారట కదా, ఆయన ఎలాంటివారు అని.

అక్క తెర మీంచి తల తిప్పలేదు.

“మంచోడే. ఏటీ మాటాడడు,” అంది. “కాపోతే జాగర్తమ్మా. అన్నీ తేదీ యేసి రాసుకుంతాడు.”

ఆ అమ్మాయి నవ్వింది. పక్క వరసలో ఇంకా ఇద్దరు నవ్వారు. అక్క నవ్వలేదు. కమిట్ మీట నొక్కి, క్యారేజీ అందుకుని లేచింది.